ఖద్దరు తొడిగిన డాక్టరు: యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం



ఇలాంటి సంచికలో మన కులపెద్దల గురించి, మన పట్టుచీర గొప్పతనం గురించి చదవడం అందరికీ అలవాటే. ఈ వ్యాసం మాత్రం మగ్గం ఎన్నడూ ఎక్కని ఒక తెలుగాయన గురించి. ఆయన మన కులం కాదు, మన జిల్లా కాదు. అయినా ఆశా దీదీ మన గుమ్మంలోకి వచ్చి చేతిలో పెట్టే బోదకాలు మాత్ర ఆయన ప్రయోగశాలలో పుట్టిందే. కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఆసుపత్రిలో ఇచ్చే రక్తం మాత్రలోనూ ఆయన కష్టం ఉంది. ఒకరి శరీరంలోంచి తీసి ఇంకొకరికి పెట్టే వైద్యం ఈనాడు సాధ్యమయిందంటే దాని వెనకా ఆయన చేతి పోగు ఒకటి ఉంది. ఇంత చేసిన మనిషి పేరు మన పిల్లలకు తెలియకపోవడం బాగుండదు. అందుకే ఈ నాలుగు మాటలు.

చదువు ఎక్కని కుర్రాడు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ముందే ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది. ఇంట్లో ఇబ్బంది మొదలయింది. మన ఇళ్ళల్లో కూలి రాని నెలలో ఎలా ఉంటుందో అలాగే ఉండేది వాళ్ళ పరిస్థితీ.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి పారిపోయాడు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిస్తానన్నది ఆయన లెక్క. మధ్యలోనే పట్టుకుని ఇంటికి తెచ్చారు. వెంకమ్మ గారు పట్టుదల మనిషి. నగలు అమ్మయినా సరే కొడుకును చదివించాలని రాజమండ్రి పంపించారు. కొడుకు మెట్రిక్యులేషన్ తప్పాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. చివరికి మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూల్లో చేరి మూడోసారికి గట్టెక్కాడు.

ఈ సంగతి కావాలనే వివరంగా రాస్తున్నాను. మన ఇళ్ళల్లో పదో తరగతి ఒకసారి తప్పితే చాలు, ఇక చదువు వద్దు, ఆసు పట్టుకో, లేకపోతే సూరత్ రైలెక్కు అనేస్తాం. రెండుసార్లు తప్పిన పిల్లాడు తరవాత ప్రపంచానికి మందులు ఇచ్చాడన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయనకు సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేకుండా మిషన్ వాళ్ళూ చేర్చుకోలేదు. రోగులకు సేవ చేయడం కూడా సన్యాసం లాంటిదే గదా అనుకుని ఆయన మద్రాసు మెడికల్ కాలేజీ దారి పట్టారు. అప్పట్లో మన గంజాం కూడా మద్రాసు రాజధానిలోనే ఉండేది. 1936లో ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా మన తాతలకు పెద్ద చదువన్నా, పెద్ద ఆసుపత్రన్నా మద్రాసే.

1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. ఆమె తండ్రి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అల్లుడి వైద్య చదువుకు డబ్బు సాయం చేశారు.

ఖద్దరు తెచ్చిన తంటా

మన నేతవాళ్ళు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన ఘట్టం ఇది. గాంధీ గారు విదేశీ వస్తువులు మానమని, చేత్తో వడికిన నూలుతో చేత్తో నేసిన బట్ట కట్టమని పిలుపు ఇచ్చారు. చాలామంది ఆ బట్ట వీధిలో కట్టారు, సభల్లో కట్టారు. సుబ్బారావు గారు ఏకంగా ఆపరేషన్ గదిలోనే తొడిగారు. శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. అది అక్కడి ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు మింగుడు పడలేదు.

రాత పరీక్షలు సుబ్బారావు గారు బాగానే రాశారు. అయినా ఆయన చేతికి పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తక్కువ పట్టా వల్ల మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. ఎవరో ఒక నేతకారుడు తన గుంట మగ్గం మీద నేసిన బట్ట ఒక డాక్టరు జీవితాన్నే మలుపు తిప్పిందన్నమాట. ఆ బట్ట విప్పేసి ఉంటే ఆయనకు పట్టా వచ్చేదేమో, సర్కారు ఆసుపత్రిలో డాక్టరై పింఛను కూడా తీసుకునేవారేమో. ఆయన విప్పలేదు.

తరవాత డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పంతులుగా చేరారు. ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి, మనిషి ఎండిపోయే జబ్బు అది. అప్పటికి దానికి మందు లేదు. ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్న డాక్టరు, తను చదివిన చదువులో దానికి జవాబు లేదని తెలిసినప్పుడు ఎలా ఉంటుంది? జవాబు ఉన్నచోటికి పోవాలని నిశ్చయించుకున్నారు.

బోస్టన్‌లో రాత్రి పని

మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం తీసుకుని 1922లో ఆయన ఓడ ఎక్కారు. శేషగిరి గారు అప్పుడు గర్భిణి. కొద్ది ఏళ్ళలో తిరిగి వస్తానని చెప్పి బయల్దేరారు. తిరిగి రాలేదు. పుట్టిన మగబిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోనూ లేదు. సుబ్బారావు గారి గొప్పతనం చెప్పేటప్పుడు శేషగిరి గారి జీవితం మరిచిపోకూడదు. మన ఇళ్ళల్లోనూ సూరత్‌కో, కేరళకో మగవాళ్ళు పోతే ఏళ్ళ తరబడి ఇల్లు నెట్టుకొచ్చే ఆడవాళ్ళు ఉన్నారు. ఆ ఎదురుచూపు ఎంత బరువో వాళ్ళకు చెప్పక్కర్లేదు.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశపు జబ్బుల చదువులో చేరారు. చేతిలో డబ్బు లేదు. ఇక్కడి పట్టాకు అక్కడ విలువ లేదు. పగలు చదువు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో కూలీ పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం దాకా చేశారు. ఈ ఆసుపత్రి పేరు గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

చదువయ్యాక హార్వర్డ్‌లోనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి తయారు చేశారు. 1925లో అది అచ్చయింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ పుస్తకాల్లో దాని పేరు. ఆ కొలతతోనే కండరంలో శక్తి ఎక్కడ దాగి ఉందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాలను బయటపెట్టారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా ఏ.టి.పి.ని కనిపెట్టారు. నాడె విసిరే చెయ్యికైనా, తొక్కుడు చెక్క నొక్కే కాలికైనా శక్తి ఇచ్చేది ఈ ఏ.టి.పి.నే. 1930లో ఆయనకు డాక్టరేట్ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు.

మిల్లు కార్మికురాళ్ళ రక్తం, పిల్లల కాన్సర్

1940లో ఆయన న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి మారి, తరవాత అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. ఎనిమిదేళ్ళలో ఆయన బృందాలు చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దీని కథ బట్టల మిల్లుల్లోనే మొదలయింది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణి స్త్రీలకు ఒంట్లో రక్తం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంటే, లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928 నుంచి అక్కడ పరిశోధన చేశారు. ఈస్టు సారం పెడితే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో తేల్చారు. ఈస్టులో ఉన్న ఆ మేలు చేసే పదార్థం ఏమిటో మాత్రం అప్పటికి తెలియదు. అది ఫోలిక్ ఆమ్లమే. దాన్ని విడదీసి, 1945లో ప్రయోగశాలలోనే తయారు చేసి చూపింది సుబ్బారావు గారి బృందం. ఆయన అన్నదమ్ములను చంపిన స్ప్రూకు కూడా ఇది మందుగా పనికొచ్చింది. వాళ్ళు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది.

రెండోది దానికి ఎదురు మందు. నేతలో ఒక ఉపమానం చెప్తాను. పడుగులో అసలు పోగు బదులు చూడ్డానికి అచ్చం అలాగే ఉండే నకిలీ పోగు వేశామనుకోండి. అచ్చులోకి దూరుతుంది, కానీ నేత ముందుకు సాగదు. కాన్సర్ కణం పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిలాగే కనబడే నకిలీ పదార్థం ఇస్తే కణం దాన్నే పట్టుకుని ఆగిపోతుంది. ఈ ఆలోచనతో తయారైనవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త కాన్సర్ వచ్చిన 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి గుణం కనిపించింది. 1948లో ఆ ఫలితం అచ్చయింది. అది కొద్ది నెలల ఊరటే. అయినా రక్త కాన్సర్ మందుకు లొంగుతుందని లోకానికి తెలిసింది అప్పుడే.

అదే మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్ళవాతానికి తక్కువ మోతాదులో ఇస్తున్నారు. అచ్చు లాగీ లాగీ వేళ్ళ కీళ్ళు వాచిన మన పెద్దవాళ్ళలో కొందరికి డాక్టర్లు ఇది రాసి ఉంటారు. ఒక్క జాగ్రత్త. కీళ్ళవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. దానితో పాటు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా మానకూడదు. తాళమూ, తాళంచెవీ రెండూ ఒకే ప్రయోగశాలవి.

మూడోది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే వయసు మళ్ళిన వృక్ష శాస్త్రవేత్తకు సుబ్బారావు గారు పని అప్పజెప్పి ప్రోత్సహించగా, మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఈ మందు దొరికింది. టెట్రాసైక్లిన్ కుటుంబం మందులన్నిటికీ అదే పెద్దక్క.

బోదకాలు మాత్ర

నాలుగోది మనకు అన్నిటికంటే దగ్గరిది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా పట్టుకుంది. మనం బోదకాలు అంటాం, ఒడియాలో గోదర అంటారు. లెడర్లీలో ఎన్నో రసాయనాలు పరీక్షించి 1947లో హెట్రజాన్ అనే మందు బయటికి తెచ్చారు. డి.ఇ.సి. అంటున్నది దాన్నే.

గంజాం ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఒకటి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ పురుగును ఒకరి నుంచి ఒకరికి మోస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో కాపురం పెట్టి, ఏళ్ళ తరబడి బతికి, లక్షల పిల్లపురుగులను రక్తంలోకి వదులుతాయి. ఆ నాళాలు పాడైపోతే నీరు కిందికి దిగి కాలు వాస్తుంది. మగవాళ్ళకు వరిబీజం వస్తుంది. వాచిన కాలు మగ్గం గుంటలో ఆనదు, తొక్కుడు చెక్క మీద నిలవదు. నేసేవాడి పొట్ట మీద కొట్టే జబ్బు ఇది.

ఇంకో మాట. వాచిన కాలు ప్రతిదీ బోదకాలు కాదు. గంటల తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే, నిలబడి పనిచేస్తే, సిరల్లో రక్తం పైకి పోక అక్కడే నిలిచిపోతుంది. పిక్కల మీద నరాలు పురి ఎక్కువైన నూలులా మెలికలు తిరిగి ఉబ్బుతాయి. చీలమండ దగ్గర చర్మం నల్లబడి, పుండు పడి మానకుండా ఉంటుంది. అది సిరల జబ్బు. దానికి పట్టీలు, ఆపరేషన్లు, వైద్యం వేరే ఉన్నాయి. కాలు వాచిందంటే ఏదో ఒకటి అనుకుని పసరు రాయకుండా డాక్టరుకు చూపించాలి.

డి.ఇ.సి. రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది. పెద్ద పురుగులు బతికి ఉన్నంత కాలం మళ్ళీ పిల్లలు పెడుతూనే ఉంటాయి. అందుకే ఏటేటా వేసుకోమంటారు. పెద్దవాళ్ళకు 100 మిల్లీగ్రాములవి 3 మాత్రలు, తోడుగా ఒక ఆల్బెండజోల్ మాత్ర. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలుపుతున్నారు. అన్నం తిన్నాక వేసుకోవాలి. గర్భిణులకు, రెండేళ్ళ లోపు పిల్లలకు, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళకు ఇవ్వరు.

మన వీధుల్లో చాలామంది ఆ మాత్ర తీసుకుని, దీదీ వెళ్ళగానే గూట్లో పెట్టేస్తారు. కిందటేడు వేసుకుంటే జ్వరం వచ్చింది, తల తిరిగింది అంటారు. ఒంట్లో పిల్లపురుగులు ఉన్నవాళ్ళకు అవి చచ్చేటప్పుడే ఎక్కువగా అలా అవుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అంటే మందు పనిచేస్తోందన్నమాట. నాకు వాపు లేదు గదా, నాకెందుకు అనే వాళ్ళూ ఉన్నారు. వాపు కనబడేసరికి పురుగు ఒంట్లో చేరి ఏళ్ళయి ఉంటుంది. ఒకసారి ముదిరిన వాపును మాత్ర తగ్గించలేదు. అలాంటివాళ్ళు రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు ఆరేలా తుడిచి, పడుకునేటప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుంటే జ్వరాలు, పుండ్లు తగ్గుతాయి. వరిబీజానికి ఆపరేషన్ ఉంది. కాలు వాచిందని సంబంధాలు తప్పించడం, పంక్తిలో పక్కకు కూర్చోబెట్టడం మాత్రం మన సంఘం మానుకోవాలి. అది శాపం కాదు, ముట్టుకుంటే అంటేదీ కాదు.

ఆ ఆసుపత్రిలోనే

ఇక బ్రిగమ్ ఆసుపత్రి సంగతి. ఒకరి అవయవం ఇంకొకరికి పెట్టాలంటే రెండు చిక్కులు. మొదటిది రక్తనాళాలను కుట్టడం. దాన్ని ఫ్రాన్స్‌లో పట్టునేతకు పేరుపడ్డ లియాన్ ఊరి డాక్టరు అలెక్సిస్ కారెల్ సాధించారు. అల్లికపని చేసే ఒక మహిళ దగ్గర సన్నసూది, పట్టుదారం పనితనం నేర్చుకుని నాళాలు కుట్టారు. 1912లో నోబెల్ అందుకున్నారు. రెండో చిక్కు ఇంకా కష్టమైనది. పరాయి అవయవాన్ని ఒళ్ళు తిప్పికొడుతుంది.

జోసెఫ్ మర్రే అనే పునర్నిర్మాణ శస్త్రవైద్యుడు యుద్ధంలో కాలిపోయిన సైనికులకు చర్మం అతుకుతూ ఈ తిప్పికొట్టడాన్ని దగ్గరగా చూశారు. 1954 డిసెంబరు 23న, ఒకప్పుడు సుబ్బారావు గారు పాత్రలు కడిగిన ఆ బ్రిగమ్ ఆసుపత్రిలోనే, కవల సోదరుల మధ్య మొదటిసారి విజయవంతంగా కిడ్నీ మార్చారు. అచ్చుగుద్దినట్టు ఉండే కవలలు కాబట్టి ఒళ్ళు తిప్పికొట్టలేదు. మిగతావాళ్ళకు మందు కావాలి. ఆ మందు అజాథయోప్రిన్. దాన్ని చేసిన ఇద్దరిలో ఒకరైన జార్జ్ హిచింగ్స్ హార్వర్డ్‌లో సుబ్బారావు గారు పనిచేసిన శాఖలోనే డాక్టరేట్ చేసినవారు. ఆయన మందు వెనక ఉన్నదీ ఆ నకిలీ పోగు ఆలోచనే. ఇక ఎముక మజ్జ మార్పిడిలో, పెట్టిన మజ్జ రోగి ఒంటి మీద తిరగబడకుండా డొనాల్ థామస్ వాడిన మందు మెథోట్రెక్సేట్. మర్రే, థామస్ ఇద్దరికీ 1990లో నోబెల్ వచ్చింది. హిచింగ్స్‌కు 1988లో వచ్చింది. సుబ్బారావు గారికి ఏ బహుమానమూ రాలేదు. ఆయన దానికోసం పాకులాడిన మనిషీ కాదు. బృందంలోని వాళ్ళ పేర్లు ముందుకు నెట్టి తను వెనక నిలబడేవారు.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన పోయారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోకుండా భారతీయుడిగానే పోయారు. తరవాత ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతికి 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

చీర కట్టుకున్నవాళ్ళకు నేసినవాడి పేరు తెలియదు. మాత్ర మింగినవాళ్ళకు చేసినవాడి పేరూ తెలియదు. ఆ బాధ మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? కాబట్టి ఈసారి దీదీ వచ్చినప్పుడు ఆమె ముందే మాత్ర వేసుకుందాం, ఇంటిల్లిపాదికీ వేయిద్దాం. అది చేసింది పదో తరగతి రెండుసార్లు తప్పి, చేనేత బట్ట కోసం పట్టా పోగొట్టుకున్న భీమవరం తెలుగాయన అని పిల్లలకు చెబుదాం.